ఎడమకాలి స్టెప్పు

సెప్టెంబర్ 11, బుధవారం

మొయినాబాద్‌లో బస్సు పూర్తిగా ఆగకముందే దిగాను. తప్పు నాదే. చేవెళ్లలో ఎక్కినప్పటి నుంచి ప్రేయర్‌కు ఆలస్యమవుతుందని ఒకటే తొందర. ఎడమ మోకాలి లోపల ఏదో టక్కుమంది. కరెంటు స్తంభం పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి, తెలిసినవాళ్లెవరూ చూడలేదని తేల్చుకున్నాక బడికి నడిచాను.

బెణికింది, అంతే.

మధ్యాహ్నం మీటింగ్‌లో శశిధర్ సార్ ఫిబ్రవరిలో యాన్యువల్ డే అన్నారు. బడి ఆయనదే, మాట కూడా ఆయనదే. "ఈసారి ఫస్ట్ క్లాస్ డాన్స్‌కు జనం లేచి సప్పట్లు కొట్టాలె. లేకుంటె వచ్చే ఏడాది ఆ పీరియడ్ అబాకస్‌కు ఇయ్యిమని పేరెంట్స్ నా పానం తీస్తరు" అంటూ నా వైపే చూశారు. సార్ నవ్వుతూ చెప్పే మాటలకే నేను ఎక్కువ భయపడతాను.

ఎనిమిదేళ్లు నేర్చుకున్న డాన్స్‌తో నాకు దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం ఇది. మోకాలు పట్టేసిన డాన్స్ టీచర్‌ను ఎవరు పెట్టుకుంటారు? కాబట్టి నా మోకాలికి ఏమీ కాలేదు.

సెప్టెంబర్ 12

వాపు కొంచెం తగ్గినట్టుంది.

సెప్టెంబర్ 13

తగ్గలేదు. అయినా నడవగలుగుతున్నాను కదా.

సెప్టెంబర్ 20, శుక్రవారం

తొమ్మిది రోజులుగా పిల్లలకు సాకులు చెబుతున్నాను. ఒకరోజు స్పీకర్ పాడైందన్నాను. ఇంకోరోజు బొమ్మలు వేయించాను. ఈ రోజుతో సాకులు అయిపోయాయి. పాటలో కింద కూర్చుని ఒక్కసారిగా లేచే స్టెప్ ఉంది. నేను కూర్చుంటే నన్ను లేపడానికి మళ్లీ ఇద్దరు కావాలి.

ఇరవై రెండు మంది నా మొహం చూస్తున్నారు. కాదు, ఇరవై ఒక్కమంది. స్నిగ్ధ జూన్ నుంచి గోడకు ఆనుకునే కూర్చుంటోంది. వాళ్లమ్మ రమ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది, నాన్నది అక్కడే తోటపని. నా పీరియడ్‌లో ఆ పిల్ల ఇంతవరకు కాలు కదపలేదు. బతిమాలాను, కోప్పడ్డాను, చాక్లెట్ కూడా ఇచ్చాను. చాక్లెట్ తినేసి మళ్లీ గోడకు ఆనుకుంది.

ఏం చేయాలో తోచక, "ఇయ్యాల నేనేం చేసి చూపియ్య. మీరే చెయ్యాలె. మీ నెత్తి మీద నీళ్ల బిందె ఉన్నదనుకోండి. ఒక్క చుక్క కింద పడొద్దు" అన్నాను.

నడిచారు. మెడలు నిలబెట్టి, చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నడిచారు. బిందె బరువు వాళ్ల భుజాల్లో నాకు కనిపించింది. ఇన్నాళ్లూ ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్ అని నేను ముందు ఎగురుతుంటే వెనకాల ఇద్దరికి వచ్చేది, మిగతా పందొమ్మిది మందికి వచ్చేది కాదు. ఆ పందొమ్మిది మంది ఇంత అందంగా నడుస్తారని నాకు తెలియదు.

తర్వాత ఇష్టమైన జంతువు అవ్వమన్నాను. కోతులయ్యారు, పాములయ్యారు. సన్నీ మాత్రం ఒక చెయ్యి వంచి గుర్రుమంటూ నేలను తవ్వుతున్నాడు.

"అదేం జంతువురా?"

"జేసీబీ."

"జేసీబీ జంతువెట్లయితది?"

"తింటది గద టీచర్. మట్టి తింటది."

అజీజ్‌నగర్ వైపు ఉన్నన్ని జేసీబీలు చూసి పెరిగినవాడికి అంతకంటే పెద్ద జంతువు ఏముంటుంది? ఒప్పుకున్నాను.

ఆయా గోపమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇన్ని దినాలు పాట పెట్టి ఎగిరిపిచ్చినవ్ గని, ఇయ్యాల్నే పోరలు మంచిగ ఆడిండ్రు టీచరమ్మా" అంది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కొంచెం కొంచెం చేశాను.

సెప్టెంబర్ 29

ఎల్లేశ్ దవాఖానకు పోదామన్నాడు. దసరాకు చామంతి కోతలున్నాయి, ముందు అవి చూసుకోమన్నాను.

"కోతలు నేను జూసుకుంట. నువ్వు కాలు జూసుకో" అన్నాడు.

పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లలో మా ఆయన అన్న మంచి మాటల్లో అదొకటి. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దాను.

అక్టోబర్ 16, బుధవారం

దసరా సెలవుల తర్వాత కొత్త పద్ధతి పెట్టాను. క్లాసు మొదలవగానే రైలు. నేను ముందు, పిల్లలు ఒకరి వెనక ఒకరు, డాన్స్ క్లాసు జరిగే రేకుల షెడ్డు లోపల మూడు చుట్లు. గోపమ్మ ఖాళీ పెయింట్ డబ్బా మీద దరువు వేస్తుంది. చూస్తుండగానే ఆమెకు నాకంటే హుషారు ఎక్కువైంది. నడవడం ఒక్కటే నేను ఇప్పటికీ చేసి చూపించగలిగేది, దాన్నైనా ఎందుకు వదులుకోవాలి? నా నడకలో ఏ తేడా లేదు. షెడ్డులో అద్దం పెట్టించమని జూన్‌లో సార్‌ను అడిగాను. ఇప్పుడు ఆ అవసరమే కనిపించడం లేదు.

మూడో చుట్టులో గోపమ్మ నా పక్కకు వచ్చి గుసగుసగా అంది. "ఎన్కకు మర్లకు. స్నిగ్ధ పోరి లేసింది. ఆఖర్ల జేరింది. నువ్వు చూసినవంటే మళ్ల గోడకు పోతది."

మరలలేదు. ముందుకే చూస్తూ నడిచాను. కళ్లలో నీళ్లు తిరిగి ఎదురుగా ఉన్న కిటికీ కూడా సరిగ్గా కనబడలేదు. నాలుగు నెలలు నేను చేయలేని పనిని ఒక పెయింట్ డబ్బా చేసింది.

ఇకమీదట రైలు నడిచేటప్పుడు వెనక్కి చూడకూడదని నియమం పెట్టుకున్నాను.

అక్టోబర్ 29

స్నిగ్ధ ఈ రోజు కూడా రైలులో ఉందట. నేను చూడలేదు.

నవంబర్ 4

పొద్దున బస్టాండులో దింపుతూ ఎల్లేశ్, "కుంటుతున్నవు" అన్నాడు. లేదన్నాను. "నాకు కండ్లు లేవా?" అన్నాడు. చెప్పులు కొత్తవి, కరుస్తున్నాయన్నాను. చెప్పులు కిందటి సంక్రాంతివి, ఆయనే కొన్నాడు.

నవంబర్ 14

ఈ రోజు జరిగింది రాయను.

నవంబర్ 15

బడికి వెళ్లలేదు. జ్వరమన్నాను.

నవంబర్ 17, ఆదివారం

రాయకపోతే అదే పదిసార్లు కళ్ల ముందు తిరుగుతోంది. రాస్తే ఒక్కసారితో పోతుందేమో.

బాలల దినోత్సవానికి పేరెంట్స్‌ను పిలిచారు. ఒకటో తరగతి పిల్లలను బడి ముందు గ్రౌండ్‌లో ఆడించమన్నారు సార్. ఈసారి నేను ముందు నడవను, వాళ్లే రైలు నడుపుకుంటారని గొప్పగా చెప్పాను. నేను పక్కన మైకు పట్టుకుని నిలబడ్డాను. గోపమ్మ డబ్బా మీద దరువు మొదలుపెట్టింది. రైలు బయలుదేరింది.

ఒకటి, రెండు, ఎడమవైపు దిగు. ఒకటి, రెండు, ఎడమవైపు దిగు.

ఇరవై రెండు మంది. రెండు అడుగులు మామూలుగా వేసి, మూడో అడుగుకు ఎడమ మోకాలు వంచకుండా నడుము ఒక పక్కకు వాల్చి, కుడి భుజం పైకెత్తి, పళ్లు బిగబట్టి. పళ్లు కూడా బిగబట్టారు! అందరిదీ ఒకే లయ. ఏ పాటకూ నేను వాళ్లతో అంత చక్కగా ఒకేసారి అడుగు వేయించలేకపోయాను.

మొదట నాకు అర్థం కాలేదు. ఎవరు నేర్పారు ఇది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

సన్నీ వాళ్ల తాత సత్తయ్య ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. "గిదేందిర! పోరలందరు కుంటుతున్నరు?"

గ్రౌండ్ అంతా నవ్వింది. రైలు చివర ఉన్న స్నిగ్ధ ఆగింది. జూన్ నుంచి నా పీరియడ్‌లో నోరు విప్పని పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ వినబడేలా చెప్పింది.

"కుంటుడు కాదు తాతా. స్టెప్. మా టీచర్ స్టెప్."

అప్పుడు అందరూ నా కాళ్లవైపు చూశారు. నేను కూడా చూసుకున్నాను.

తర్వాత రమ వచ్చింది, పాపం నన్ను మెచ్చుకోవడానికే. "ఇంట్ల సుత గిదే నడక టీచర్. ఫామ్‌హౌస్ లాన్ మీద పొద్దుమాపు గదే ప్రాక్టీస్. జర తప్పు పోతె మళ్ల మొదటి నుంచి జేస్తది. మా ఆయనకు గూడ నేర్పింది." నేను నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉందో నాకు తెలియదు, బహుశా దాన్ని కూడా పిల్లలు నేర్చుకునే ఉంటారు.

రెండు నెలలు ఎవరికీ తెలియకుండా దాచాననుకున్నాను. దాచిందంతా రోజూ మూడు చుట్లు నడిచి, దరువుతో సహా నేర్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లు ఎంత బాగా చేశారో తలుచుకుంటే మాత్రం గర్వంగా ఉంది. అదెక్కడి గర్వమో!

మధ్యాహ్నం ఎల్లేశ్‌కు అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "రేపు తొమ్మిదింటికి దవాఖాన" అన్నాడు.

నవంబర్ 18

మోకాలి లోపలి మెత్తటి గుజ్జు చిరిగిందట. మందులతో పోదు, ఆపరేషన్ చేయాలన్నారు. ఆ తర్వాత మామూలుగా నడవడానికి రెండు మూడు నెలలు. యాన్యువల్ డే దాకా ఆగవచ్చా అని అడిగాను. పట్టీ వేసుకుని, కుర్చీలో కూర్చుని, ఎగరకుండా ఉంటానంటే ఆగవచ్చన్నారు డాక్టర్. కుర్చీలో కూర్చునే డాన్స్ టీచర్‌ను ఆయన ఎప్పుడైనా చూశారో లేదో.

నవంబర్ 19, మంగళవారం

సార్ గదిలోకి వెళ్లి, కూర్చోమనకముందే కూర్చుని, మొత్తం చెప్పేశాను. సెప్టెంబర్ పదకొండు నుంచి.

సార్ పెన్ను మూత పెట్టేశారు. "ముందుగాల్నే చెప్తే ఏం బోయింది టీచర్? మా బాపుకు రెండు మోకాళ్లు ఆపరేషన్ అయినయ్. నాకు తెల్వదా ఆ నొప్పి?" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అంతలోనే, "గని ఫిబ్రవరి ముచ్చటేంది? డాన్స్ టీచర్ కూసొని డాన్స్ నేర్పుతదంటే జనం నన్ను జూసి నవ్వుతరు" అన్నారు.

"పిల్లలు చేస్తరు సార్. నేను చూపియ్యకుంటేనే మంచిగ చేస్తున్నరు."

"పాట?"

"పాట లేదు."

"పాట లేకుంట యాన్యువల్ డేనా!" అన్నారు. చివరికి, "సరే. చేయించుండ్రి. సప్పట్లు పడకపోతె మాత్రం జూన్‌ల అబాకస్. అప్పుడు నన్ను అనొద్దు" అన్నారు.

అనను. ఒప్పుకుని వచ్చాను.

నవంబర్ 26

వారం నుంచి ఆ నడకను మాన్పించాలని చూస్తున్నాను. మామూలుగా నడవండి అంటే ఒక్కరికీ మామూలు నడక రావడం లేదు. కర్రల్లా బిగుసుకుపోతున్నారు. దరువు పడగానే మళ్లీ ఎడమకు వాలుతున్నారు, నా వైపు చూసి నాలుక కరుచుకుంటున్నారు. "అది తప్పు స్టెప్, మర్చిపోండి" అన్నాను గట్టిగా.

స్నిగ్ధ వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది.

నవంబర్ 27

ఇంకా గోడ దగ్గరే.

డిసెంబర్ 3, మంగళవారం

గోపమ్మ ఈ రోజు డబ్బా పట్టుకోను పొమ్మంది. కోపమొచ్చినప్పుడు ఆమె నన్ను టీచరమ్మా అనదు.

"ఏం బిడ్డా, గా నడక నీకు కుంటుడు లెక్కనే కనవడ్తున్నదా? తడి పెట్టిన చేన్ల పూల మూట నెత్తిన పెట్టుకొని ఎప్పుడన్న నడిచినవా? రెండు అడుగులు గట్టిగుంటది, మూడో అడుగు సర్రున దిగవడ్తది. నడుము గట్లనే వాల్తది. పండ్లు గట్లనే గిట్టకరుస్తం. నలభై ఏండ్లు నడిచిన నేను. పోరలు జేస్తుంటె నన్ను నేను జూసుకున్నట్టున్నది. నువ్వు తప్పంటవు!"

నేను చామంతి రైతు పెళ్లాన్ని. ఎల్లేశ్ అలా నడవడం వందసార్లు చూశాను. అయినా నాకు తట్టలేదు, నా మోకాలు తప్ప నాకు ఇంకేదీ కనబడలేదు మరి.

గోడ దగ్గరికి కుర్చీ జరుపుకుని స్నిగ్ధ పక్కన కూర్చున్నాను. "నేను తప్పు చెప్పిన. అది మంచి స్టెప్పే. బురదల నడిచే స్టెప్. నా కాలుకు దెబ్బ తాకింది, అందుకె నేను ఇగ ముందు నడువ. రైలు నువ్వు నడుపుతవా?"

నా మోకాలి పట్టీని వేలితో ఒత్తి చూసింది. "నొస్తదా?"

"నొస్తది."

ఈ బడి పిల్లల్లో ఆ మాట మొదట దాచకుండా చెప్పింది ఆ పిల్లకే. లేచి వెళ్లి రైలు ముందు నిలబడింది.

డిసెంబర్ 20

ముందు నడిచినన్నాళ్లూ కిటికీ ఒక్కటే చూశాను. కుర్చీలో నుంచి ఇరవై రెండు మొహాలూ కనబడుతున్నాయి.

జనవరి 22

పాట లేదు, కథ ఉంది. నారు నాటడం, నీళ్లు పారడం, మొగ్గలు విచ్చుకోవడం, కోత, పూల మూటలు ఎత్తుకుని బురదలో నడక. అడుగులన్నీ పిల్లలవే. జేసీబీ లేకపోతే తాను రానని సన్నీ మొండికేశాడు. సరే, మొదట పొలం చదును చేయడానికి పెట్టాం.

ఫిబ్రవరి 15, శనివారం

ముందు మూడు తరగతుల పాటలకు ఈలలు, గోల. మా వంతు రాగానే స్పీకర్లు ఆగిపోయేసరికి జనం కరెంటు పోయిందనుకున్నారు. స్టేజీ పక్కన కుర్చీలో కూర్చున్నాను, పట్టీ అందరికీ కనబడేలా. గోపమ్మ కొత్త చీర కట్టుకుని పెయింట్ డబ్బా ముందు కూర్చుంది.

సన్నీ మట్టి తిన్నాడు. జనం నవ్వారు. మొగ్గలు విచ్చుకునేటప్పుడు కొంచెం సద్దుమణిగారు. నాకు కావలసింది ఆ నిశ్శబ్దమే, కానీ సార్‌కు కావలసింది చప్పట్లు. ఆయన మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు స్నిగ్ధ నెత్తి మీద లేని మూటను రెండు చేతులా పట్టుకుని బయలుదేరింది. ఒకటి, రెండు, దిగు. వెనకాల ఇరవై ఒక్కమంది. ఒకటి, రెండు, దిగు. నాలుగో వరసలో ఒకామె పక్కనామెను మోచేత్తో పొడిచింది. సత్తయ్య లేచి నిలబడ్డాడు. మళ్లీ ఆ మాటే అంటాడనుకున్నాను.

"తడి చేను!" అన్నాడు. "అరే, తడి చేన్ల నడుస్తున్నరే! పైలం బిడ్డా, పైలం, మూట పడ్తది!"

ఇక వరసలు వరసలుగా లేచారు. రైతులందరూ పిల్లలకు జాగ్రత్తలు చెబుతున్నారు. ఇటు అడుగెయ్యి, గట్టు మీదికి రా, మెల్లగ. కొందరు చప్పట్లతో దరువు అందుకున్నారు. వెనకాల ఎక్కడో రమా, ఆమె భర్తా నిలబడిన చోటే ఆ అడుగు వేస్తున్నారు.

నేను కుర్చీలోనే ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఎవరు చూసినా ఫికర్ లేదనిపించింది.

సార్ వచ్చి, "పాట లేకుంట గూడ నడిచింది గద" అన్నారు. ఆపరేషన్ ఎప్పుడని అడిగారు. అబాకస్ మాట ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.

మార్చి 4

ఆపరేషన్ అయింది. ఎల్లేశ్ చామంతులు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. మిగిలిపోయినవేనన్నాడు. అబద్ధం, అన్నీ పెద్దవే.

ఏప్రిల్ 9

కర్ర లేకుండా వాకిలి దాకా. గోపమ్మ ఫోన్ చేసి నేను ఎన్ని అడుగులు వేశానో లెక్క అడుగుతోంది.

మే 18

మెట్లు ఎక్కాను. దిగాను కూడా.

జూన్ 12, గురువారం

బస్సు పూర్తిగా ఆగాకే దిగాను.

మా పిల్లలు వెళ్లిన రెండో తరగతికి కూడా డాన్స్ పీరియడ్ ఉంది. టైంటేబుల్‌ను మూడుసార్లు చదివాను. షెడ్డులోకి వెళ్తే ఒక గోడ నిండా అద్దం. కిందటి జూన్‌లో అడిగింది ఈ జూన్‌లో వచ్చింది. స్నిగ్ధ ఆనుకునే గోడే అది.

పిల్లలు నన్ను పడేసినంత పని చేశారు. సన్నీకి పన్ను ఊడింది, ముందు అది చూపించాడు. ఆపరేషన్ గీత చూపించమని అడిగితే చూపించాను. చివరకు గోపమ్మ డబ్బా అందుకుంది. "రైలు నువ్వే నడుపు టీచరమ్మా, ఒక్కసారి" అంది.

ముందు నిలబడ్డాను. దరువు పడింది. అద్దంలో ఒక మనిషి తిన్నగా నడుస్తోంది. ఎడమా కుడీ సమానంగా, నడుము వాలకుండా. ఆ మనిషిని చూసి చాలా రోజులైంది. ఎంత సంతోషమో చెప్పలేను. అర చుట్టు కూడా పూర్తికాలేదు, వెనకాల అడుగుల చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి చూడకూడదనే నియమం ఇప్పుడు లేదు. తిరిగాను. రైలు మొత్తం నిలిచిపోయింది. స్నిగ్ధ వరసలోంచి బయటకు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, నా కాళ్ల వైపు చూస్తోంది.

"టీచర్, నువ్వు స్టెప్ మర్చిపోయినవ్."

ఇరవై ఒక్కమంది అవునన్నట్టు తలలూపారు.

"మర్చిపోయిన" అన్నాను. "జర నేర్పుతవా?"

నన్ను రైలు చివరికి పంపి తాను ముందుకు వెళ్లింది. ఒకటి, రెండు, దిగు. ఒకటి, రెండు, దిగు. మోకాలు ఏమీ అనలేదు. అలా మూడు చుట్లు నడిచాను. స్నిగ్ధ మాత్రం ప్రతి మలుపులోనూ అద్దంలో నన్ను చూసి, ఇంకా సరిగ్గా రావడం లేదని తల అడ్డంగా ఊపింది.

రేపు ప్రాక్టీస్ చేసుకుని వెళ్లాలి.